మా అత్త సాకు

ఎవరు నన్ను ఏమన్నారో నేను మరిచిపోను. ధర్మవరం బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునే ఆయనకు ఈ సంగతి తెలుసు. గ్యాసు సిలిండరు తెచ్చేవాళ్లకు తెలుసు. ఒక పెళ్లిలో నాకు విస్తరి వేయకుండా పక్కామెకు వేసి పోయిన మా దూరపు చుట్టానికి ఇంకా బాగా తెలుసు. ఆ తర్వాత ఆయన ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ నేను వెళ్లాను, ఎక్కడా మంచినీళ్లు కూడా ముట్టలేదు. "నీది జ్ఞాపకశక్తి కాదే, కోర్టు," అంటాడు మా ఆయన.

మా అత్త ఇందులో నాకు పూర్తిగా తలకిందులు. కొన్నేళ్లుగా ఒక్కొక్కటే మరిచిపోతూ వచ్చింది. మొదట పొయ్యి మీది పాలు. తర్వాత వీధి చివరి నుంచి ఇంటికి దారి. ఆ తర్వాత మా మామ చనిపోయిన సంగతి. దాన్ని విన్న ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది, అందుకని చెప్పడం మానేశాం. చివరికి నేనెవరో మరిచిపోయింది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లుగా నన్ను అన్న మాటలన్నీ ఆమె దించేసుకుని పోయింది, మోయడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నిలదీద్దామంటే అవతల మనిషి లేదు.

ఆ మాటల్లో మొదటి మూడూ నేను కాపురానికి వచ్చిన రోజువే. మాది కొత్తచెరువు పక్కన పల్లె, ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేదు. మా అత్తది సరిహద్దు అవతల కన్నడ ఊరు. ధర్మవరంలో మగ్గాల ఇంటికి కోడలుగా వచ్చి తెలుగు నేర్చుకుంది కానీ, కోపం వచ్చినా, పని తొందరలో ఉన్నా నోట కన్నడమే వచ్చేది. ఆ రోజు ఆమె పుట్టింటివాళ్లు వరుసగా భోజనానికి కూర్చున్నారు. నన్ను నెయ్యి వడ్డించమన్నారు. వాళ్ల పెద్దన్న విస్తట్లో పోస్తుంటే వెనకనుంచి అత్త "సాకు, సాకు" అంది. మా వైపు సాకడమంటే బిడ్డను పెంచడం, ప్రేమగా చూసుకోవడం. తోడబుట్టినవాడిని బాగా చూసుకోమంటోంది కాబోలు అనుకుని ఇంకా పోశాను. "సాకూ!" అని అరిచింది. ఇంకా పోశాను. నెయ్యి విస్తరి దాటి ఆయన పంచె మీదికి పారింది.

కన్నడంలో సాకు అంటే చాలు.

పంక్తి పంక్తంతా నవ్వింది. మా అత్త నవ్వలేదు. "సాకంటే సాలని తెలీదంట. యాడ దొరికిందప్పా ఇది?" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు సాకు అయింది. సాకును పిలవండి, సాకు నీళ్లు తెచ్చిందా, సాకు పుట్టింటికి పోయిందా. మిగతావాళ్లు కొన్నాళ్లకు మానేశారు. ఆమె మాత్రం నన్ను మరిచిపోయేదాకా మానలేదు.

చుట్టాలు లేచాక నాకు కళ్లు తిరుగుతుంటే ఆడవాళ్ల వరుస చివర కూర్చున్నాను. అత్త వచ్చి నిలబడింది. "మగ్గాల మీద ఉండేవోళ్లు ఇంకా తిన్లేదు. నువ్వు కూసుంటివే? మీ ఊర్లో ఇట్లేనా?" విస్తరి ముందు నుంచి లేచాను. ఆ సాయంత్రమే నా చేత రాగి సంగటి కెలికించి, ముద్ద చిదిమి చూసి, "గంటు" అంది. గంటు అంటే ఉండ. పిండి ఉండలు కట్టిందట. ఆ మాటా ఈనాటిదాకా నాతోనే ఉంది.

మా ఇంట్లో రెండు గుంత మగ్గాలున్నాయి. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేస్తారు. జీవితమంతా ఆ గుంతల చుట్టూ చీకట్లో కూడా తడుముకోకుండా తిరిగిన మనిషి, పోయిన ఎండాకాలం అక్కడ గుంత ఉందనే మరిచిపోయి అందులో పడింది. తుంటి విరిగింది. ఆపరేషను చేసి ఆసుపత్రి నుంచి బయటికి తెచ్చేసరికి ఆమె తెలుగు కూడా పోయింది. కన్నడం ముక్కలు మిగిలాయి, అవీ ఎప్పుడో ఒకటి. ఎముక అతికేదాకా, లేపి కూర్చోబెట్టడం తెలిసినవాళ్లు ఉన్న చోట ఉంచమన్నారు డాక్టర్లు. అనంతపురం ఊరి బయట, వానకోసం చూసి చూసి ఎండిన వేరుశనగ చేల మధ్య, మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ల కోసం నడిపే ఇల్లు ఒకటుంది. అక్కడ చేర్చాం.

ఆ ఇంటి మేనేజరు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. మొదటి రోజే మాకు కుర్చీలు వేయించి చెప్పాడు. "మా దగ్గర అందరూ సమానమేనండీ. కులం, మతం, భాష, ఏ తేడా చూపించం. అందరికీ ఒకటే భోజనం, ఒకటే పద్ధతి." మా ఆయన రెండు చేతులూ జోడించాడు. నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. కానీ అంత మంచి మాటను ఎలా తప్పు పట్టాలో తెలియలేదు. నాకు అలా జరగడం అరుదు.

చూడడానికి సాయంత్రమే రానిచ్చేవాళ్లు. నేను బస్సులో వెళ్లి, ఆమె మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆమె కాస్త తగ్గి కనిపించేది. ముంజేతిని పట్టుకుని ఉండే గాజులు మోచేతిదాకా జారడం మొదలుపెట్టాయి. ఒకరోజు ఆమెకు అన్నం తినిపించే ఆయమ్మను ఆపాను. ఆమె నల్లమాడ వైపు మనిషి, నా కంటే కొంచెం చిన్నది, చేయి మెత్తన.

"ఏమమ్మా, మా అత్త తింటాందా ల్యాదా?"

"యాడ తింటాదక్కా. ఒక ముద్ద పెడితే రెండో ముద్దకి నోరు మూస్తాది. కానీ అక్కా, నన్ను బో అడుగుతాది పాపం. బాగా సూసుకో తల్లీ, బాగా సూసుకో అని. నాకు కడుపు తరుక్కుపోతాది. ఇంటికాడ ఎవురూ సూసుకోల్యాదేమో అనుకుంటాము."

అనుకుంటాము! ఆమె ఒక్కతే కాదు, అక్కడున్నవాళ్లంతా కలిసి అనుకుంటున్నారన్నమాట. నలభై ఏళ్లు ఆమె దగ్గర పడిన నేను, ఆమెను చూసుకోని కోడలినని వాళ్లంతా తీర్మానించేశారు. నాకు చెవులు వేడెక్కాయి.

"మా అత్తకి తెలుగే పోయింది. నిన్నెట్ల అడుగుతాది? ఏ మాట అంటాది, సరిగ్గా చెప్పు."

"సాకు అంటాదక్కా. ముద్ద తీస్కపోతానే సాకు, సాకు అంటాది. నన్ను సాకమనే కదా? అందుకే ఇంకో ముద్ద పెడతాను. ఊసేస్తే మళ్లీ పెడతాను."

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నెయ్యి కారుతున్న పంచె కళ్ల ముందుకు వచ్చింది.

"అది మన సాకు కాదమ్మా. కన్నడం. సాలు అంటాది."

ఆయమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా! ఆమె సాలు సాలంటాంటే నేను కుక్కితినే! నా చేతులు పడిపోను!"

"నువ్వేం చేస్తావు? నేనూ అదే చేసినాను, పెండ్లైన కొత్తల్లో," అన్నాను. ఆ మాట నేను మరొకరితో చెప్పడం అదే మొదటిసారి.

ఆ రోజే మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మా అత్త బరువు బాగా పడిపోయిందని, మింగడంలో లోపం ఏమీ లేదని డాక్టరు చూసి చెప్పారని, అయినా తినడానికి ఒప్పుకోవడం లేదని చెప్పాడు. సోమవారం డాక్టరు మళ్లీ వస్తారు. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోయవలసి ఉంటుంది. మా ఆయన ఒప్పుకోవాలి.

"ఆమె చాలంటోంది, మీవాళ్లు ఇంకా కుక్కుతున్నారు. అందుకే తినడం లేదు," అన్నాను.

"భాష తెలియక జరిగింది, నిజమేనండీ. ఇకమీదట కుక్కరు. కానీ మొదటి ముద్దకే చాలంటే ఎలాగండీ? మనం ఏ సాకు చెప్పుకున్నా బరువు తగ్గడం ఆగదు కదా."

తెలుగులో సాకుకు ఇంకో అర్థం ఉందని గుర్తు చేసినందుకు ఆయన మీద కూడా మనసులో ఒక కేసు వేసుకున్నాను. కానీ ఆయన అన్నది అబద్ధం కాదు. మొదటి ముద్దకే ఎందుకు చాలంటోంది? ఆకలి లేకనా?

బయటికి వచ్చేటప్పుడు పక్క గదిలో గొట్టం వేసిన ముసలాయనను చూశాను. పీకేసుకోకుండా ఆయన రెండు చేతులకూ గుడ్డ సంచులు కట్టి ఉంచారు. మా అత్త కూడా పీకేసుకుంటుంది, అందులో అనుమానమే లేదు. ఆమె చేతులకూ సంచులు కడతారు. వెంట్రుక కంటే సన్నటి పట్టుపోగు తెగితే, మాట్లాడుతూ మాట్లాడుతూ చూడకుండా ముడి వేసిన చేతులవి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మా ఆయనతో గొడవ పడ్డాను. ఆయన అప్పటికే సగం ఒప్పుకుని ఉన్నాడు. పస్తు పడుకోబెట్టి చంపుకుంటామా అన్నాడు. బళ్లారిలో ఉన్న మా ఆడబిడ్డ కూడా ఫోనులో అదే అందట.

"నీకు మా అమ్మతో ఏనాడూ పడల్యాదు కదే. ఇప్పుడెందుకింత పట్టు పట్టినావు?" అన్నాడు.

"పడల్యాదు కాబట్టే. మీకేం తెలుసు? మిమ్మల్ని ఆమె ఒక్క మాట అనల్యాదు. దేనికి మండిపడతాదో, ఏది తప్పంటాదో, అన్నీ పడింది నేను. ఆమెకేదో మనసుకు కష్టమైతాంది ఆడ. అదేందో తెలిసేదాకా గొట్టం వొద్దు."

"సోమారం దాకా సూద్దాం," అన్నాడు. ఆయన తల్లి కదా. నా కంటే ఆయనకే భయం ఎక్కువ.

మరుసటి రోజు బస్సు దారిలో ఆగిపోయింది. అనంతపురం వెళ్లకుండానే ఎండలో వేచి వేచి తిరిగి ఇంటికి వచ్చాను. డిపోకు రాయవలసిన అర్జీ సంగతి కూడా తర్వాత చూద్దామనిపించేంత ఆకలి వేసింది. నేరుగా వంటింట్లోకి పోయి సంగటి పెట్టుకుని కూర్చున్నాను. అవతల మగ్గాల చప్పుడు ఇంకా ఆగలేదు. మా ఆయన నీళ్లకోసం లేచి వచ్చి, నన్ను చూసి, నన్ను కాస్త నవ్వించాలనుకున్నాడు కాబోలు, అచ్చం వాళ్లమ్మ గొంతు పెట్టి అన్నాడు.

"మగ్గాల మీద ఉండేవోళ్లు ఇంకా తిన్లేదు. నువ్వు కూసుంటివే?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా అత్త తన జీవితంలో ఎప్పుడూ ముందు తినలేదు. మగ్గం మీదివాళ్లు, చుట్టాలు, పిల్లలు, చివరికి గడపలో కూర్చున్న బిచ్చగత్తె కూడా తిన్నాకే తన పళ్లెం. జబ్బు ముదిరాక కూడా మా ఇంట్లో అదే జరుగుతూ వచ్చింది. ఎవరూ పని గట్టుకుని అలా చేయలేదు. ఇంటి పద్ధతే అది, అందుకే ఎవరి కంటా పడలేదు. అక్కడ మాత్రం తినిపించవలసినవాళ్లకు మొదట తినిపిస్తారు. అది మంచి ఆలోచనే. ఆడవాళ్ల గదిలో, మెడకు గుడ్డ కట్టి, అందరికంటే ముందు ఆమె నోటికి ముద్ద అందిస్తారు. అవతల హాల్లో మగవాళ్లు ఖాళీ పళ్లేల ముందు కూర్చుని ఉంటారు. తలుపులోంచి ఆమెకు కనిపిస్తూనే ఉంటారు.

ఆడవాళ్లే చివర తినాలన్నది మంచి పద్ధతని నేను అనడం లేదు. ఆ పద్ధతి వల్ల నా కడుపు ఎన్నిసార్లు కాలిందో నాకు తెలుసు. నా కోడలిని ఏనాడూ అలా లేపలేదు. కానీ మా అత్తను మార్చే రోజులు దాటిపోయాయి. ఇప్పుడు ఆమెతో వాదించి గెలవడం గెలుపు కాదు.

తెల్లారి సంగటి, వేరుశనగ చట్నీ, పప్పు డబ్బాల్లో కట్టుకుని మధ్యాహ్నం భోజనాల వేళకే వెళ్లాను. సాయంత్రం రమ్మని గేటు దగ్గర చెప్పారు. నేను అక్కడే నిలబడ్డాను. మేనేజరు వచ్చాడు. చెప్పాను. ఆమెకు అందరికంటే చివర పెట్టండి. హాల్లో కూర్చోబెట్టండి. చేతికి గరిటె ఇవ్వండి, ఒక్కరికైనా వడ్డించనివ్వండి.

"హాలు మగవాళ్లదండీ. పైగా ఆవిడ తుంటి... ఒక్కరికి మారిస్తే రేపు అందరూ అడుగుతారండీ."

"అడగనివ్వండి. అడగను నోరుండేవాళ్లు అదృష్టవంతులు."

"మేము ఎవరికీ తేడా చూపించమమ్మా, మొదటి రోజే చెప్పాను కదా."

"సూపించండి సార్. ఆమెలో శానా తేడాలుండాయి. నలభై ఏళ్లు సూసినాను, నన్నడగండి. మీరు అందరికీ ఒకటే పెడతాండారు. తినేవాళ్లు ఒకటే కాదు కదా."

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని, అక్కడ నేను ఎప్పుడూ కూర్చునే బెంచీ ఒకటి ఉందని కూడా చెప్పాను. అందుకు భయపడ్డాడో, నా డబ్బాలు చూసి జాలిపడ్డాడో తెలియదు. లోపలికి పోయి మా అత్త చక్రాల కుర్చీని తానే తోసుకుని హాల్లోకి తెచ్చాడు. అందుకు ఆయన మీద వేసుకున్న కేసు కొట్టేశాను.

ఆ హాల్లో గుంతకల్లు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. గూడ్సు బండ్లకు గార్డుగా చేసి ఎప్పుడో రిటైరయ్యారు. మధ్యాహ్నమైతే చాలు, బండికి టైమైందని గేటు వైపు నడుస్తారు. నీకు బండ్లు లేవు తాతా అంటే కొట్టడానికి వస్తారు. ఆ రోజూ లేచి నిలబడి ఉన్నారు. మా అత్త కుర్చీని, ముందున్న గిన్నెలను చూసి ఆగారు.

"అక్కా, జల్దీ పెట్టక్కా. గూడ్సు లైన్లో నిలబడుండాది. సిగ్నలిచ్చేస్తారు."

మా అత్త తలెత్తింది. ఎన్ని నెలల తర్వాతో ఆమె కళ్లు ఒక మనిషి మీద నిలబడ్డాయి.

"కూత్కో," అంది. కూర్చో అని.

ఆయన కూర్చున్నారు. నేను గరిటె ఆమె చేతికి ఇచ్చి, మణికట్టును కింద నుంచి పట్టుకున్నాను. పప్పు సగం బల్ల మీద పడింది, సగం ఆయన పళ్లెంలో పడింది. ఆయమ్మ తుడవబోతే వద్దని తల ఊపాను.

"సాకా?" అని అడిగింది మా అత్త.

సరిహద్దు పక్కనే ఉన్న గుంతకల్లు మనిషికి ఆ పాటి కన్నడం రాకుండా ఉంటుందా? పళ్లెం మీద అరచేయి అడ్డం పెట్టి, "సాకు సాకు," అన్నారు. ఆమె వినలేదు. ఇంకో గరిటె వేసింది. నాకు నవ్వొచ్చింది. సాకంటే తెలియదా ఈమెకు, యాడ దొరికిందప్పా అని పైకే అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఫరవాలేదు, అనవలసిన మాట అన్నాను.

ఆయన తిన్నారు. పక్కనున్నవాళ్లూ తిన్నారు. ఒక్కొక్కరే చేతులు కడుక్కోవడానికి లేస్తుంటే ఆమె చూస్తూనే ఉంది. హాలు సగం ఖాళీ అయ్యాక అడిగింది. "ఎల్లర్దూ ఊట ఆయ్తా?" అందరి భోజనాలూ అయ్యాయా అని.

"ఆయ్తత్తా. మగ్గాల మీద ఉండేవోళ్లు కూడా తినేసినారు," అన్నాను.

అప్పుడు పళ్లెం తన వైపు లాక్కుంది. నేను తెచ్చిన సంగటి మెత్తగా పలచన చేసి, పప్పులో కలిపి చిన్న చిన్న ముద్దలుగా పెట్టాను. ఆయమ్మ అందించింది. ఒకటి తిన్నది. నోరు తెరిచింది. ఇంకొకటి తిన్నది. ఆయమ్మ నా వైపు చూసింది, ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

కొన్ని ముద్దలయ్యాక మా అత్త నమలడం ఆపింది. నాలుకతో ఏదో వెతుకుతున్నట్టు నోరు కదిపింది. "గంటు," అంది. వెంటనే "సాకు," అంది.

ఆయమ్మ ఈసారి చాలా జాగ్రత్తగా ఉంది. చటుక్కున చేయి వెనక్కు తీసుకుని పళ్లెం జరిపింది. "సాలంటాందక్కా. పెట్టనులే, కుక్కను."

మా అత్త ఆ పళ్లెం అంచును పట్టుకుంది. ఆయమ్మ ముఖంలోకి చూస్తూ, ఇరుగుపొరుగుతో కోడలి మీద చెప్పుకునే గొంతుతో అడిగింది.

"సాకు మాడిద్దా?"

సాకు చేసిందా ఇది, అని.

నేను ఆమె పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు. నన్ను గుర్తు పట్టిందని నేను చెప్పుకోను. కానీ సంగటి ఎవరిదో గుర్తు పట్టింది.

"పళ్లెం ఈడ పెట్టమ్మా. ఆమె సాలనల్యాదు. సాకు అంటే నేనే," అన్నాను.

సోమవారం డాక్టరు వచ్చి చూసి గొట్టం మాట ఎత్తలేదు. ఆమె ఇప్పటికీ ఆ హాల్లోనే చివర తింటోంది. కొన్ని రోజులు తినదు, ఎక్కువ రోజులు తింటుంది. వడ్డన జరుగుతున్నంతసేపూ గార్డు గారు గేటు వైపు పోవడం లేదు. కొత్తగా ఎవరినైనా చేర్చడానికి వస్తే, మేనేజరు ఇంటివాళ్లను ఒక మాట అడుగుతున్నాడట. మీ పెద్దవాళ్లకు ఏమి చేస్తే కోపం వచ్చేదండీ, అని. అది నేను నేర్పిన ప్రశ్న. ఫలానా ఆమె చెప్పింది అని మాత్రం ఎక్కడా అనడం లేదు. ఆయమ్మ చెప్పింది నాకు. ఆయన మీద కేసు మళ్లీ వేసుకున్నాను.

ఇంకొక్క సంగతి. ఆ రోజు సంగటిలో ఒక్క ఉండ కూడా లేదు. దించేముందు అడుగు నుంచి రెండోసారి కెలికి, వేలితో నలిపి చూసి మరీ డబ్బాలో పెట్టాను. ఆమె అన్నది అన్యాయం.